తప్పిన పాత్ర, దక్కిన పాత్ర : 'మిస్సమ్మ' సాక్ష్యం

తెలుగు సినిమా చరిత్ర మీద వచ్చిన వ్యాసాల్లో తరచు కనిపించే మాట ఒకటుంది: ఆ వేషానికి మొదట అనుకొన్నది వీరిని కాదు. ఆ వెంటనే ఒక చిన్న కథ వస్తుంది. ఎవరో అలిగారు, ఎవరికో తీరిక కుదరలేదు, ఎవరో వేళకు రాలేదు, వేషం చేతులు మారింది. కథ చివర 'అంతా ప్రాప్తం' అన్న తీర్పు ఉంటుంది. వినడానికి ఇది బాగానే ఉంటుంది గాని విమర్శకు చాలదు. వేషం ఎవరి చేతికి వచ్చిందో చెప్పడానికి ప్రాప్తం అన్న మాట సరిపోతుంది. వచ్చిన వేషాన్ని వారు ఏం చేశారు, పోయినవారు ఆ తర్వాత ఏ వేషాలు ఎంచుకొన్నారు అన్న ప్రశ్నలకు ఆ మాట జవాబు చెప్పదు. నటుల కళాజీవితాన్ని తీర్చిదిద్దేవి ఈ రెండు విషయాలే.

ఈ పరిశీలనకు విజయా వారి 'మిస్సమ్మ' (1955) మంచి ఆధారం. తెలుగులో చేతులు మారిన వేషాల కథల్లో దీనిదే ఎక్కువ ప్రసిద్ధి. అంతకంటె ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. ఈ చిత్రాన్ని అదే సంస్థ, అదే దర్శకుడు, అదే నాయికతో తమిళంలో 'మిస్సియమ్మ'గా కూడా తీశారు. రెండూ 1955 జనవరిలో, సంక్రాంతికి విడుదలయ్యాయి. నాయిక మారలేదు గాని ఆమె ఎదుట నిలిచిన నటులు మారారు. పాత్రధారి మారితే పాత్ర ఏమవుతుందో సాధారణంగా ఊహించుకోవలసిందే. ఇక్కడ మాత్రం కళ్ళారా చూడవచ్చు. తెలుగు, తమిళం రెండూ వచ్చిన విద్యార్థికి ఇది ఇంట్లోనే దొరికే ప్రయోగశాల. ఆంధ్రరాష్ట్రం 1953 అక్టోబరులో ఏర్పడి మద్రాసు తమిళుల రాష్ట్రంలో మిగిలిపోయిన తరువాత, ఆ మద్రాసులోనే తయారైన చిత్రమిది. ఆ కారణంగా కూడా బయటి తెలుగువారికి దీనిమీద కొంత ఎక్కువ హక్కు ఉంది.

వేషం చేతులు మారిన తీరు

చక్రపాణి, బి. నాగిరెడ్డి నిర్మాతలు, ఎల్.వి. ప్రసాద్ దర్శకుడు. కథానాయిక మేరీ వేషానికి మొదట తీసుకొన్నది భానుమతిని. రెండవ నాయిక సీత వేషం సావిత్రిది. కొంత చిత్రీకరణ జరిగిన తర్వాత చక్రపాణికి, భానుమతికి మధ్య పొసగలేదు. చిత్రీకరణకు ఆమె రావలసిన వేళ గురించి వచ్చిన మాటపట్టింపు క్షమాపణ అడగడం, నిరాకరించడం దాకా వెళ్ళిందని ఎక్కువమంది చెప్పే కథనం. ఏమైనా భానుమతి తప్పుకొన్నది. తీసిన రీళ్ళు పక్కన పెట్టారు. మేరీ వేషం సావిత్రికి, సీత వేషం జమునకు వచ్చాయి.

ఇందులో ఇద్దరి పంతం మాత్రమే చూస్తే సగమే చూసినట్లు. ఆ పంతం వెనక రెండు పని పద్ధతులున్నాయి. విజయా సంస్థ నటులను నెలజీతాల మీద ఒప్పందం చేసుకొని, అందరూ ఒక కట్టుబాటులో పనిచేసేట్టు నడిపిన సంస్థ. అక్కడ కథకూ చిత్రానికీ చివరిమాట నిర్మాతది. భానుమతి అప్పటికే మరొక సంస్థకు యజమాని. భర్త పి.ఎస్. రామకృష్ణారావుతో కలిసి భరణీ పిక్చర్స్ నడుపుతున్నది. 'చండీరాణి'ని 1953లో మూడు భాషల్లో తానే దర్శకత్వం వహించి తీసింది. తన చిత్రాల్లో చివరిమాట తనదిగా అలవాటైన నటి, నటుల మాట చివరిది కాని సంస్థలో అడుగుపెట్టింది. ఘర్షణ రావడంలో వింత లేదు.

పోయిన వేషం వల్ల భానుమతి పోగొట్టుకొన్నదేమిటి?

'మిస్సమ్మ' పోవడం భానుమతికి పెద్ద దెబ్బ అన్నట్టు కొందరు రాస్తారు. ఆమె చేసిన చిత్రాల వరుస చూస్తే అలా కనిపించదు. 'వరవిక్రయం' (1939)తో మొదలుపెట్టి 'స్వర్గసీమ' (1945), 'లైలామజ్ను' (1949), 'మల్లీశ్వరి' (1951) దాటి వచ్చిన నటి ఆమె. 1954లోనే సొంత సంస్థ నుంచి 'చక్రపాణి', 'విప్రనారాయణ' విడుదలయ్యాయి. ఆ తర్వాత 'బాటసారి' (1961) ఉంది, 'అంతస్తులు' (1965) ఉంది. వయసు మీరాక 'మంగమ్మగారి మనవడు' (1984)లో ఇంటిల్లిపాదినీ శాసించే బామ్మ ఉంది. మధ్యలో 'అత్తగారి కథలు' రాసిన రచయిత్రి కూడా ఆమే.

ఈ వరుసలో ఒక తర్కం కనిపిస్తుంది. భానుమతి పాత్ర దగ్గరికి నడిచివెళ్ళే నటి కాదు. పాత్రను తన దగ్గరికి పిలిపించుకొనే నటి. 'మల్లీశ్వరి' వంటి సుకుమారమైన పాత్రలోనూ ఆమె గొంతులోని ధీమా వినబడుతూనే ఉంటుంది. తన పాట తానే పాడుకోవడం వల్ల ఆ పాత్రల మాటకు, పాటకు మధ్య అతుకు కనబడదు. అటువంటి నటికి ఒక వేషం పోతే మరొక వేషం కల్పించుకొనే స్తోమత ఉంటుంది. ఒక పాత్ర తప్పిపోవడం ఎంత నష్టమో నిర్ణయించేది ఆ పాత్ర గొప్పతనం ఒక్కటే కాదు. మరొక పాత్రను ఎంచుకొనే అధికారం నటికి ఎంత ఉందన్నది దానికన్నా ముఖ్యం.

అందివచ్చిన వేషానికి సావిత్రి ఎలా సిద్ధమైంది?

సావిత్రి సంగతి ఇందుకు పూర్తిగా తారుమారు. ఆమెకు సంస్థ లేదు, స్టూడియో లేదు. వేషాలు ఇచ్చేవారు ఇస్తే చేయడమే. ఆమె మొదటి అనుభవమే ఒక తప్పిపోయిన వేషం. 'సంసారం' (1950)లో నాగేశ్వరరావు సరసన నాయికగా ఆమెను తీసుకొన్నారు. కెమెరా ముందు నిలదొక్కుకోలేకపోవడంతో ఆ వేషం పుష్పలతకు వెళ్ళింది. సావిత్రికి మిగిలింది ఒక చిన్న వేషం. ఆ చిత్రానికి దర్శకుడు కూడా ఎల్.వి. ప్రసాదే. 1950లో వేషం తీసేసిన దర్శకుడే అయిదేళ్ళు తిరగకముందే అంతకన్నా చాలా పెద్ద వేషాన్ని అదే నటి చేతిలో పెట్టాడు.

నడుమ జరిగినదాన్ని ప్రాప్తం అనడం ఆమె శ్రమకు అన్యాయం. 'పాతాళభైరవి' (1951)లో ఒక నృత్యం చేసింది. 'పెళ్ళిచేసి చూడు' (1952)లో రెండవ నాయిక అయింది. అదీ ప్రసాద్ చిత్రమే, అదీ రెండు భాషల్లో తీసినదే. 'దేవదాసు' (1953)లో పార్వతి అయింది. ఒక్కొక్క మెట్టూ ఆమెకు ఒక్కొక్కటి నేర్పింది. నృత్యం శరీరాన్ని అదుపులో పెట్టడం నేర్పింది. రెండవ నాయిక వేషం హాస్యసన్నివేశంలో ఎదుటివారి మాటకు వేళకు స్పందించడం నేర్పింది. పార్వతి పాత్ర దుఃఖాన్ని అరుపుగా మార్చకుండా కళ్ళలో నిలపడం నేర్పింది. మేరీకి ఈ మూడూ కావాలి. ప్రసాద్ 1954లో చూసినది 1950 నాటి బెదురుపిల్లను కాదు.

ఇక్కడే మరొక సంగతి గమనించాలి. 'సంసారం'లో వేషం తప్పిపోయిన సావిత్రి పేరు అందరికీ తెలుసు. దక్కిన పుష్పలత పేరు ఇప్పుడు ఎందరికి తెలుసు? వేషం దొరికినంత మాత్రాన కళాజీవితం ఏర్పడదనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు. వేషం చేతులు మారిన కథలు మనదాకా వచ్చేది తర్వాత పేరు తెచ్చుకొన్నవారి విషయంలోనే. వేషం పోయి, మరొకటి రాక, ఊరికి తిరిగివెళ్ళినవారి కథలు ఎవరూ రాయలేదు. ఈ కథలన్నీ చివరికి మంచే జరిగినట్టు కనబడడానికి కారణం అదే.

మేరీ కోపం

పాత్ర సంగతికి వద్దాం. మేరీ చదువుకొన్న క్రైస్తవ యువతి. పెంచిన తల్లిదండ్రులు చేసిన అప్పు ఆమె మెడకు చుట్టుకొంది. అప్పిచ్చిన డేవిడ్ ఆమెను పెళ్ళాడాలని చూస్తున్నాడు. ఉద్యోగం కోసం, తనలాగే నిరుద్యోగి అయిన ఎం.టి. రావుకు భార్యనని చెప్పుకొని జమీందారు బడిలో ఉపాధ్యాయినిగా చేరుతుంది. హిందూ ఇల్లాలిలా నటించవలసి రావడం ఆమెకు అడుగడుగునా చిరాకు. కథ నడకంతా ఈ చిరాకు మీద ఆధారపడి ఉంది.

సావిత్రి చేతిలో ఆ చిరాకు ఒక రక్షణకవచంలా మారింది. ఆమె విసుక్కొన్నప్పుడల్లా, విసుగు కింద ఒక భయం ఉందని ప్రేక్షకులకు తెలుస్తూ ఉంటుంది. గట్టిగా మాట అనేశాక ఒక క్షణం చూపు వాలుతుంది. అనకుండా ఉండవలసిందేమో అన్న సందేహం ముఖం మీద కదలి, అంతలోనే మాయమవుతుంది. రావు సీతకు సంగీతం నేర్పుతున్నప్పుడు మేరీలో పుట్టే అసూయను సావిత్రి తనకే అంతుబట్టని భావంగా చూపింది. అది ప్రేమ అని ప్రేక్షకులకు తెలుసు, రావు పోల్చుకొంటున్నాడు, మేరీకి మాత్రం తెలియదు. ఈ తెలియకపోవడమే పాత్రకు ప్రాణం.

భానుమతి చేసి ఉంటే కోపం కోపంగానే ఉండేదని, అది ఆమె స్వభావానికి సహజంగా అమరేదని చాలామంది అంటారు. అది నిజమే కావచ్చు. అప్పుడు కథ బరువు మరోచోట పడేది. అహంకారవతి అయిన యువతి మెత్తబడడం కథ అయ్యేది. సావిత్రి వల్ల అది బెదిరిన యువతి ధైర్యం తెచ్చుకొని మనసు విప్పడం అయింది. మొదటిది తక్కువ, రెండవది ఎక్కువ అని తీర్పు చెప్పే అధికారం మనకు లేదు. మొదటిది మన కళ్ళముందు లేదు. పాట విషయం మాత్రం కచ్చితంగా చెప్పవచ్చు. భానుమతి తన పాటలు తానే పాడుకొనే నటి. సావిత్రికి పి. లీల పాడింది. నటి మారడంతో పాడే గొంతూ మారింది. మేరీ అన్న పాత్రను ఇద్దరు కలిసి నిర్మించవలసివచ్చింది.

రెండు భాషల్లో రెండు పాత్రలు

కనబడనిదాన్ని వదిలి కనబడేదాన్ని చూద్దాం. తెలుగులో రావు పాత్ర రామారావుది, తమిళంలో జెమినీ గణేశన్‌ది. తెలుగులో డిటెక్టివ్ రాజు నాగేశ్వరరావు, తమిళంలో కె.ఎ. తంగవేలు. దర్శకుడు, నాయిక, సంగీత దర్శకుడు ఎస్. రాజేశ్వరరావు, కథ అన్నీ అవే. రామారావుకూ గణేశన్‌కూ పాడిన గొంతు కూడా ఒకటే, ఏ.ఎం. రాజాది. ఇన్ని స్థిరంగా ఉండి నటుడొక్కడు మారిన సందర్భాలు విమర్శకుడికి తరచు దొరకవు.

రామారావు అప్పటికి 'పాతాళభైరవి' తోటరాముడు. నిండైన విగ్రహం, గట్టి కంఠం. అటువంటి మనిషి ఒక చిరాకుపడే యువతి ముందు తగ్గి, నవ్వి, బతిమాలి, మాటను చమత్కారంగా తిప్పి నెట్టుకురావడంలోనే తెలుగు రావు పాత్రలోని హాస్యం ఉంది. బలం ఉండి వాడకపోవడం ఆ పాత్ర అందం. జెమినీ గణేశన్‌ది సహజంగానే మృదువైన తీరు. ఆయన తగ్గినప్పుడు తగ్గినట్టు ఉండదు, ఉన్నట్టే ఉంటుంది. దాంతో తమిళంలో హాస్యం కొంత తగ్గి శృంగారం ముందుకు వస్తుంది. మాటలూ సన్నివేశాలూ మారకుండానే రసం పాళ్ళు మారాయి.

రాజు పాత్రలో తేడా ఇంకా పెద్దది. 'దేవదాసు' తర్వాత విషాదనాయకుడిగా ముద్రపడిపోకూడదని నాగేశ్వరరావు కోరి చేసిన హాస్యపాత్ర ఇది. ఆనాటి అగ్రనటుడు మరొక అగ్రనటుడి చిత్రంలో రెండవస్థానంలో నిలిచి, తనను తాను గొప్ప పరిశోధకుడనుకొనే అమాయకుడి వేషం వేయడం సాహసమే. దానివల్ల ఆయన కళాజీవితానికి మేలు జరిగిందన్నది అందరూ చెప్పేదే. కథకు ఏం జరిగిందో తక్కువమంది గమనించారు. రాజు మేరీ దగ్గర సంగీతం నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు రావుకు కలిగే కలతను తెలుగు ప్రేక్షకులు నిజంగా నమ్ముతారు. ఎదుట ఉన్నది నాగేశ్వరరావు కదా. నాయిక అతడి వైపు మొగ్గినా మొగ్గవచ్చు. తమిళంలో అక్కడ ఉన్నది తంగవేలు. ఆయన గొప్ప హాస్యనటుడు, నవ్వులకు లోటు లేదు. ఆయన మీద నాయిక మనసు పడుతుందన్న శంక మాత్రం ఏ ప్రేక్షకుడికీ కలగదు. తెలుగులో కథకు ముడి వేసే పాత్ర తమిళంలో కథకు వినోదం చేర్చే పాత్ర అయింది. పాత్రధారి వెంట తెచ్చుకొనే పూర్వచిత్రాల జ్ఞాపకం కూడా పాత్రలో భాగమని దీనివల్ల తేలుతుంది. మన అలంకారికులు ఔచిత్యాన్ని చర్చించినప్పుడు కావ్యంలోని పాత్రకు తగినదేదో చెప్పారు. సినిమాలో దానికి నటుడి గతాన్ని కూడా చేర్చుకోక తప్పదు.

ప్రసాదే ఈ కథను హిందీలో 'మిస్ మేరీ' (1957)గా తీసినప్పుడు మీనాకుమారి నాయిక, జెమినీ గణేశన్ నాయకుడు, కిశోర్‌కుమార్ డిటెక్టివ్. రెండవ నాయిక మాత్రం మూడు భాషల్లోనూ జమునే. హంపీలో పుట్టి దుగ్గిరాలలో పెరిగి, 'పుట్టిల్లు' (1953)తో చిత్రాల్లోకి వచ్చిన ఈ నటికి సీత వేషం వచ్చింది మరొకరు పైమెట్టు ఎక్కినందువల్ల. ఆమె అక్కడ ఆగిపోలేదు. 'వినాయక చవితి' (1957)లో సత్యభామగా కనిపించింది. 'శ్రీకృష్ణ తులాభారం' (1966) నాటికి సినిమా సత్యభామ అంటే జమున అనిపించుకొన్నది. మరొకరు ఖాళీచేసిన చోట నిలిచి మొదలుపెట్టిన నటి, తరువాత మరొకరు నిలవలేని చోటును సంపాదించుకొన్నది.

వేషం ముద్రగా మారినప్పుడు

తప్పిపోబోయి దక్కిన పాత్ర కూడా కళాజీవితాన్ని మలుపు తిప్పుతుంది. 'సొంతవూరు' (1956)లో కృష్ణుడిగా కాసేపు కనిపించిన రామారావును ప్రేక్షకులు మెచ్చలేదు. అందుచేత 'మాయాబజార్' (1957)లో కృష్ణవేషానికి ఆయన వెనుకాడాడు. కె.వి. రెడ్డి పట్టుబట్టి ఒప్పించి, ఆహార్యం మీద ప్రత్యేకశ్రద్ధ పెట్టాడు. ఆనాటికి తెలుగువారికి కృష్ణుడంటే రంగస్థలం మీద పద్యం పాడే కృష్ణుడు. ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి వంటివారి గొంతు. పాడే గొంతు ఒకరిది, కనబడే ముఖం మరొకరిది కాగల సినిమాలో కృష్ణుడు వినబడే దేవుడిగా కాక చూడబడే దేవుడిగా మారాడు. రామారావు చిరునవ్వుకు ఆ మార్పులో పెద్ద పాలుంది.

ఆ వేషం ఆయనకు కిరీటమైంది. కిరీటం బరువు కూడా. దాన్ని ఆయన ఎరిగినట్టే ఉంది. 'భూకైలాస్' (1958)లోనూ, 'సీతారామకళ్యాణం' (1961)లోనూ రావణుడయ్యాడు. 'శ్రీకృష్ణపాండవీయం' (1966)లో కృష్ణుడితోపాటు దుర్యోధనుడయ్యాడు. 'దానవీరశూరకర్ణ' (1977)లో కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు ముగ్గురూ తానే. పైకి చూస్తే ఇది వేషాల మీద మక్కువ. కొంచెం లోతుగా చూస్తే, దేవుడి ముద్రను తుడిచేయకుండానే ఆ ముద్రలో బందీ కాకుండా ఉండడానికి నటుడు వెతుక్కొన్న దారి. 1953 తర్వాత నాగేశ్వరరావు హాస్యం వైపు చూసినదీ ఇటువంటి అవసరం కోసమే.

ఎంపిక అధికారం

ఈ ప్రశ్న సావిత్రి విషయంలో మళ్ళీ మన ముందుకు వస్తుంది. 'మిస్సమ్మ' తర్వాత 'అర్ధాంగి' (1955), 'మాయాబజార్', 'చివరకు మిగిలేది' (1960), తమిళంలో 'పాశమలర్' (1961), మళ్ళీ తెలుగులో 'మూగమనసులు' (1964) వరకు ఆమెకు వచ్చిన పాత్రల్లో వైవిధ్యం అసాధారణం. 'మాయాబజార్'లో శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుణ్ణి నటించిన తీరు ఒక్కటి చాలు. అవన్నీ ఇతరులు కల్పించి ఆమె దగ్గరికి తెచ్చిన పాత్రలు. పాత్ర దగ్గరికి నడిచివెళ్ళడంలో ఆమెకు సాటి లేదు. ఎంపిక, నిర్మాణం, ఖర్చు తన చేతిలోకి తీసుకొన్న దశ వేరుగా నడిచింది. 'చిన్నారి పాపలు' (1968)తో దర్శకురాలైంది. 'మూగమనసులు' తమిళరూపమైన 'ప్రాప్తం' (1971) నిర్మాణం, దర్శకత్వం రెండూ తనమీద వేసుకొన్నది. ఆ చిత్రం ఆమెను ఆర్థికంగా దెబ్బతీసింది. ఆమె 1981 డిసెంబరులో కన్నుమూసింది.

దీన్ని చూపి, నటి నటిగానే ఉండాలని, నిర్మాణం జోలికి పోరాదని నీతి చెప్పడం తేలిక. భానుమతి జీవితం ఆ నీతిని కొట్టివేస్తుంది. ఆమె వెనక ఏళ్ళ తరబడి నడిచిన సంస్థ ఉంది, పనిలో భాగం పంచుకొన్న దర్శకుడైన భర్త ఉన్నాడు, లెక్క చూసే అలవాటు ఉంది. సావిత్రికి నటనలో దొరికిన శిక్షణ నిర్మాణంలో దొరకలేదు. 1950లో వేషం తప్పిపోయినప్పుడు మెట్లెక్కి నేర్చుకోవడానికి ఆమెకు నాలుగేళ్ళ వ్యవధి దొరికింది. రెండవసారి మెట్లు లేవు.

కాబట్టి వేషాలు చేతులు మారిన కథలు విన్నప్పుడు 'ఆమె చేసి ఉంటే ఎలా ఉండేదో' అన్న దగ్గర ఆగిపోనక్కరలేదు. వేషం పోయినవారికి మరొకటి ఎంచుకొనే వీలుందా? వచ్చినవారు దానికి ముందు ఏ పని చేసి ఉన్నారు? వారి గతం పాత్రలో ఏమేమి చేర్చింది? ఈ మూడు ప్రశ్నలు వేస్తే కబురు విమర్శ అవుతుంది. మద్రాసులో రెండు భాషల్లో తయారైన చిత్రాలు ఇంకా ఉన్నాయి. 'పాతాళభైరవి', 'పెళ్ళిచేసి చూడు', 'మాయాబజార్' అన్నిటికీ తమిళ రూపాలున్నాయి. ఒక్కొక్క పాత్రను పక్కపక్కన పెట్టి చూడడం తమిళం రాని తెలుగు విద్యార్థికి కష్టం, తెలుగు రాని తమిళ విద్యార్థికీ కష్టమే. రెండు భాషల మధ్య పెరిగిన విద్యార్థులు చేయదగిన పని ఇది. ఇప్పటిదాకా ఎక్కువభాగం చేయకుండా మిగిలిపోయిన పని కూడా.